విద్యుచ్ఛక్తి యాజమాన్యము ఎవరిది? దాని వ్యయభారము ఎవరిది?
సహకార విద్యా పాఠము: అమెరికా రైతుల విద్యుత్ సంఘముల అనుభవము



అప్పు, వడ్డీ, ఎరువు, విత్తనము, ధాన్యపు విక్రయము, ఇవియే మన సంఘములలో నిత్యము చర్చకు వచ్చు విషయములు. శీతోష్ణస్థితి మార్పు, శక్తి విధానము, ఆర్థిక వ్యవస్థ యని పత్రికలలో కనబడు పెద్ద మాటలు మనకు సంబంధింపనివని తోచుట సహజము. కాని మన బోరు మోటారును నడపు కరెంటు ఎక్కడ పుట్టుచున్నది, ఆ స్తంభములును తీగెలును ఎవరి సొత్తు, వానికై చేసిన అప్పును తుదకు ఎవరు తీర్తురు అను ప్రశ్నలు ఆ పెద్ద మాటలలోనే యిమిడియున్నవి.

ఈ మూడింటిని గూర్చి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అభ్యుదయ పక్షమువారు ఒక నిశ్చితమైన వాదమును చేయుచున్నారు. దానిని కాదనువారును అక్కడ బలముగా నున్నారు. ఈ వివాదమంతటికిని నడుమ ఆ దేశపు రైతులు స్థాపించుకొన్న విద్యుత్ సహకార సంఘములు ఉన్నవి. వానికి తొంబది యేండ్ల అనుభవము గలదు. వాదములను ఆ అనుభవముతో సరిచూచుటయే యీ పాఠము ఉద్దేశము. ఏ పక్షమునకు ఓటు వేయవలెనో చెప్పుట సహకార పత్రిక పని కాదు. లెక్క చూచుకొనుట నేర్పుటయే దాని పని.

1. వేడిమి యెట్లు పెరుగుచున్నది?

బొగ్గును, నేలనూనెను, సహజవాయువును మండించినపుడు బొగ్గుపులుసు వాయువు పుట్టును. ఇది సూర్యుని వెలుగును లోనికి రానిచ్చును గాని, నేల వెలువరించు వేడిమిని పూర్తిగా బయటికి పోనీయదు. కంబళి కప్పుకొన్నవాని ఒంటివేడి కంబళిలోనే నిలుచునట్లు, ఆ వేడిమి భూమిపై నిలుచును. యంత్రాగారములు ప్రబలుటకు పూర్వము ఈ వాయువు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుగా నుండెను. 2024 నాటికి అది 420 పాళ్లను దాటినది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారము, కొలతలు తీయుట మొదలైనది మొదలు 2024 వరకు గడచిన సంవత్సరములలో 2024 అన్నింటికంటె వేడియైనది. ఆ యేటి సగటు, 1850–1900 నాటి సగటుకంటె సుమారు 1.55 డిగ్రీలు హెచ్చు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో నూటికి సుమారు 7 పాళ్లు అధికముగా తేమను పట్టుకొనగలదు. అందుచేత వాన వచ్చినపుడు కుండపోతగా వచ్చుటయు, వానకు వానకు నడుమ నేల త్వరగా ఎండుటయు తరచగును. చేను మునుగుటయు, చేను మాడుటయు ఒకే కారణమునుండి రాగలవని రైతు గ్రహింపవలెను.

ఈ వాయువును అందఱును సమానముగా వదలుట లేదు. అమెరికాలో మనిషికి సగటున ఏడాదికి సుమారు 14 టన్నులు, మన దేశములో సుమారు 2 టన్నులు లెక్కకు వచ్చుచున్నవి. తప్పు అధికముగా చేసినవా డొకడు, దండుగ అధికముగా కట్టువాడు మఱొకడు అయినపుడు అది ప్రకృతి విషయము మాత్రమే గాక న్యాయ విషయమును అగుచున్నది. అభ్యుదయ పక్షమువారి వాదము ఇక్కడనే ప్రారంభమగుచున్నది.

2. అభ్యుదయ పక్షపు వాదము

వారి వాదమును మూడు మాటలలో చెప్పవచ్చును.

మొదటిది: శీతోష్ణస్థితి మార్పును ఒక్కొక్క కుటుంబము తన దీపము ఆర్పుకొని ఆపజాలదు. విద్యుత్ కేంద్రములు, రైళ్లు, కర్మాగారములు మాఱవలెను. ఇంతటి పనికి ప్రభుత్వము పెట్టుబడి పెట్టవలెను.

రెండవది: మార్పునకగు వ్యయమును శక్తిగలవారు భరింపవలెను. ఇంధనపు ధర పెంచి, కొనలేనివాడు మానుకొనునని కూర్చుండుట న్యాయము కాదు. బొగ్గు గనులలోను, బొగ్గు కేంద్రములలోను పనిచేసినవారిని వీధిపాలు చేయరాదు. శ్రామిక నాయకుడైన టోనీ మజోకీ, మాఱుచున్న పరిశ్రమలలోని కార్మికుల కొఱకు ప్రత్యేక నిధి యుండవలెనని వాదించెను. దానినే నేడు న్యాయమైన మార్పు అనుచున్నారు.

మూడవది: క్రొత్తగా పుట్టు శక్తిపై స్థానిక ప్రజలకు యాజమాన్యము ఉండవలెను. సూర్యుని వెలుగు అందఱిదైనను, పలకలు పఱచిన భూమియు, తీగెయు, ఒప్పందపు కాగితమును కొందఱివే యైనచో పాత వ్యవస్థయే క్రొత్త వేషమున వచ్చును.

ఈ అభిప్రాయములను ప్రతినిధి సభ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్, సెనేటు సభ్యుడు ఎడ్ మార్కీ 2019 ఫిబ్రవరి 7వ తేదీన హరిత నవవిధానము అను తీర్మానరూపమున కాంగ్రెసు ముందుంచిరి. పది సంవత్సరముల జాతీయ ప్రయత్నము, శుద్ధమైన విద్యుచ్ఛక్తి, అందఱికిని ఉద్యోగ హామీ, కుటుంబ వ్యవసాయమునకు ప్రోత్సాహము, నేల సారమును పెంచు సేద్యము అందులోని అంశములు. అది చట్టము కాదు. అభిప్రాయ ప్రకటన మాత్రమే. 2019 మార్చి 26న సెనేటులో ఓటునకు పెట్టినపుడు అనుకూలముగా ఒక్క ఓటును రాలేదు. 57 గురు వ్యతిరేకించిరి. ఓటింపు రాజకీయ పన్నాగమని చెప్పి, 43 గురు తటస్థముగా నుండిరి.

తీర్మానము వీగిపోయినను ఆ పేరు మిగిలినది. ఆ పేరులోని నవవిధానము అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు 1930ల కఱవు కాలమున నడిపిన కార్యక్రమమును తలపించునది. ఆ కార్యక్రమములో రైతునకు మిక్కిలి ఉపయోగించినది పల్లెల విద్యుదీకరణము. కావున ఆ కథను కొంచెము విపులముగా చూడవలెను.

3. లాభము లేదన్న చోట సంఘము వెలసినది

1935 ప్రాంతమున అమెరికా పట్టణములలో పది యిండ్లలో తొమ్మిదింటికి కరెంటు ఉండెను. పొలములపై నున్న రైతు కుటుంబములలో పదింట ఒకదానికి మాత్రమే యుండెను. నీరు చేదుకొనుట, బట్టలుదుకుట, పాలు పితుకుట యన్నియు చేతిపనులే. రాత్రి కిరసనాయిలు దీపమే దిక్కు. కంపెనీలవారిని అడిగినచో, ఇండ్లు దూరదూరముగా నున్నవి, మైలు లైనుకు 2,000 డాలర్ల వరకు వ్యయమగును, రైతు వాడుకొనునది స్వల్పము, లాభము లేదు అని చెప్పుచుండిరి. లైను వేయింపదలచిన రైతే ముందుగా సొమ్ము కట్టవలసివచ్చెను.

1935 మే 11న రూజ్వెల్టు గ్రామీణ విద్యుదీకరణ శాఖను స్థాపించెను. మరుసటి యేడు మే 20న దానికి చట్టరూపము వచ్చినది. ఆ చట్టమును నెబ్రాస్కా సెనేటరు జార్జి నారిస్, టెక్సాస్ ప్రతినిధి శామ్ రేబర్న్ నడిపించిరి. ప్రభుత్వము మొదట కంపెనీలు ముందుకు వచ్చునని తలచెను. అవి రాలేదు, రైతులు వచ్చిరి. ఊరూర సభలు జరిపి, సాధారణముగా తలకు 5 డాలర్లు సభ్యత్వ రుసుము వసూలు చేసి, సహకార సంఘములను నమోదు చేసికొని, ప్రభుత్వమునొద్ద అప్పు పుచ్చుకొనిరి. అది ఉచితదానము కాదు. వడ్డీతో తీర్పవలసిన అప్పు. 1936 చట్టప్రకారము గడువు 25 సంవత్సరములు. 1944లో వడ్డీ నూటికి 2కు తగ్గించి, గడువు 35 సంవత్సరములకు పెంచిరి.

రైతులు చేసిన పని అప్పు తెచ్చుటతో ముగియలేదు. స్తంభమునకు స్తంభమునకు నడుమ దూరము పెంచి, బలమైన తీగె వాడి, అన్ని ఊళ్లకును ఒకే నమూనా పాటించి, మైలు లైను వ్యయమును వేయి డాలర్లకు లోపునకు దించిరి. పనిని ఊరివారే చేసిరి. లాభము లేదని కూర్చున్న కంపెనీలలో కొన్ని, సంఘము ఏర్పడబోవుచున్నదని తెలియగానే దారిలోని సంపన్నుల పొలములకు మాత్రము త్వరత్వరగా లైన్లు వేసి, మంచి ఖాతాదారులను లాగికొనెను. అట్టి లైన్లను అక్కడివారు పగ లైన్లని పిలిచిరి. మీగడ తీసికొనిపోయి మజ్జిగ మిగిల్చినట్లు, దూరపు బీదరైతులే సంఘమునకు మిగిలిరి. అయినను సంఘములు నిలిచెను.

టెక్సాస్ కొండసీమలో మైలుకు ముగ్గురు సభ్యులైన లేరని మొదట అప్పు దొరకలేదు. అప్పటి యువ ప్రతినిధి లిండన్ జాన్సన్ స్వయముగా రూజ్వెల్టును ఒప్పించగా, 1938లో పెడర్నేలిస్ సంఘమునకు అప్పు మంజూరైనది. లెక్క ఒక్కటే యైనచో ఆ కొండలకు కరెంటు వచ్చియుండెడిది కాదు. లెక్క లేకుండ అప్పు ఇచ్చినచో అది తీఱెడిది కాదు. రెండును కూడినచోట పని జరిగినది. 1950ల ఆరంభమునకు దేశములోని పొలములలో పదింట ఎనిమిదికి పైగా కరెంటు చేరెను.

నేడు ఆ దేశమున ఇట్టి సంఘములు సుమారు 900 గలవు. 48 రాష్ట్రములలో సుమారు 4 కోట్ల 20 లక్షల జనులకు అవి కరెంటు నిచ్చుచున్నవి. దేశ విస్తీర్ణములో సగముకంటె అధికభాగము వాని తీగెల క్రిందనే యున్నది. వినియోగదారుడే సభ్యుడు, సభ్యునికి ఒక ఓటు, మిగులు సొమ్ము సభ్యుల ఖాతాలకే చేరును.

ఆ కాలపు కార్యక్రమములో అన్యాయము జరుగలేదని చెప్పరాదు. 1933లో ఏర్పడిన టెనెస్సీ లోయ సంస్థ కట్టిన ఆనకట్టల క్రింద వేలకొలది కుటుంబములు ఇల్లు, పొలము కోల్పోయెను. ప్రజాహితమను పేరున వచ్చిన పనిలోను నష్టపోవువా డొకడుండును. వాని పేరు మొదటి పుటలోనే వ్రాసికొనవలెనని ఆ చరిత్ర చెప్పుచున్నది.

4. బొగ్గు అప్పు యెట్లు మెడకు చుట్టుకొనినది?

ఊరి సంఘము కరెంటును పంచునే గాని పుట్టించుట దానికి కష్టము. కావున అనేక సంఘములు కలిసి విద్యుదుత్పత్తి సంఘములను స్థాపించుకొనెను. పెద్ద కేంద్రము కట్టుటకు పెద్ద అప్పు కావలెను. అప్పిచ్చువారు హామీ కోరిరి. అందుకై ఊరి సంఘములు తమకు కావలసిన కరెంటును ఈ ఉత్పత్తి సంఘమునొద్దనే కొందుమని అనేక దశాబ్దముల గడువుతో ఒడంబడికలు వ్రాసియిచ్చెను.

1970లలో చమురు కొఱత వచ్చెను. 1978లో చేసిన ఒక చట్టము క్రొత్త విద్యుత్ కేంద్రములలో చమురు, సహజవాయువు వాడుటను నిరోధించెను. ఆ కాలమున ఉత్పత్తి సంఘములు బొగ్గు కేంద్రములను విరివిగా కట్టెను. 1987లో ఆ నిరోధము రద్దయ్యెను గాని, కట్టిన కేంద్రములును చేసిన అప్పులును రద్దు కాలేదు.

తరువాత గాలిమరలును సౌర పలకలును చౌకయైనపుడు కొన్ని ఊరి సంఘములు తమంతట తామే కరెంటు పుట్టించుకొనగోరెను. ఒడంబడిక అడ్డుపడినది. న్యూ మెక్సికో రాష్ట్రములో టావోస్ పట్టణము కేంద్రముగా నున్న కిట్ కార్సన్ సంఘము ఇందుకు నిదర్శనము. దానికి కరెంటు అమ్ముచుండిన ట్రై-స్టేట్ అను ఉత్పత్తి సంఘము ఒడంబడికలో, సభ్య సంఘము తన వాడుకలో నూటికి 5 పాళ్లకు మించి స్వయముగా పుట్టించుకొనరాదను షరతు అప్పట్లో ఉండెను. 2016లో కిట్ కార్సన్ సంఘము 3 కోట్ల 70 లక్షల డాలర్ల పరిహారము చెల్లించి ఆ ఒడంబడికనుండి బయటపడినది. ఆ సొమ్మును దానికి క్రొత్తగా కరెంటు అమ్మదలచిన వ్యాపార సంస్థ పెట్టగా, సంఘము క్రమముగా తీర్చెను. 2022 నాటికి ఆ బాకీ తీఱినది. అదే యేట, ఎండ బాగుగానున్న పగటివేళల తమ సభ్యుల అవసరమంతయు సౌరశక్తితోనే తీర్పగలుగుచున్నామని ఆ సంఘము ప్రకటించినది.

ఈ కథలో దుర్మార్గులు ఎవరును లేరని గమనింపుడు. ఉత్పత్తి సంఘమును సహకార సంఘమే. ఒక సభ్య సంఘము వెడలిపోయినచో పాత అప్పు మిగిలినవారి తలపై పడునను దాని భయము న్యాయమైనదే. కష్టమంతయు ఒకనాడు వ్రాసిన దీర్ఘకాలపు కాగితమునుండి వచ్చినది. నలువది యేండ్ల ఒడంబడికపై సంతకము చేయువాడు తన మనుమని పక్షమునకూడ సంతకము చేయుచున్నాడు.

మఱొక లోపమును చెప్పవలెను. సభ్యునికి ఓటున్నను, అక్కడి పెక్కు సంఘములలో కార్యవర్గపు ఎన్నికలకు పదిమందిలో ఒకడైన వచ్చుట లేదు. వచ్చినవారే దశాబ్దముల తరబడి అధికారమున నుందురు. యాజమాన్యము కాగితముపై నుండుట వేఱు, దానిని వాడుకొనుట వేఱు.

5. చట్టము వచ్చుట, మాఱుట

2022 ఆగస్టు 16న అధ్యక్షుడు జో బైడెన్ ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టముపై సంతకము చేసెను. పేరు ధరలను గూర్చినదైనను, అందులో శక్తికిని శీతోష్ణస్థితికిని సంబంధించిన భాగమే పెద్దది. అప్పటి అంచనా 36,900 కోట్ల డాలర్లు. దానిలో వ్యవసాయ శాఖ ద్వారా గ్రామీణ విద్యుత్ సంఘములు పాత బొగ్గు అప్పులనుండి బయటపడి శుద్ధశక్తికి మాఱుటకై 970 కోట్ల డాలర్లు కేటాయించిరి. 1936 తరువాత గ్రామీణ విద్యుత్తునకు ఇంతటి పెట్టుబడి రాలేదని ప్రభుత్వము చెప్పినది.

అంతకంటె ముఖ్యమైన మార్పు ఒకటి గలదు. పూర్వము సౌర, వాయు శక్తులకిచ్చు సహాయము ఆదాయపు పన్నులో తగ్గింపు రూపమున నుండెను. సహకార సంఘము సామాన్యముగా ఆ పన్ను కట్టదు గనుక, తగ్గింపు దానికి అక్కఱకు రాదు. లాభము కంపెనీలకే పోవుచుండెను. 2022 చట్టము ఆ మొత్తమును సంఘములకు రొక్కముగా ఇచ్చునట్లు ఏర్పాటు చేసినది. సహాయము ఎంత యనుటతోపాటు అది యే ద్వారమున వచ్చుననియు చూడవలెనని దీనివలన తెలియుచున్నది.

కాని రాజకీయపు గాలి మాఱినది. 2025 జనవరి 20న అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంపు పారిస్ ఒడంబడికనుండి రెండవమాఱు వైదొలగుటకు ఆజ్ఞ ఇచ్చెను. అదే యేడు జూలై 4న వచ్చిన చట్టము సౌర, వాయు నిర్మాణములకున్న పన్ను సహాయమునకు గడువులను మిక్కిలి కుదించినది. మూడేండ్లలో ఒకమాఱు ముందుకును, ఒకమాఱు వెనుకకును నడచు విధానముపై ముప్పదియేండ్ల నిర్మాణము నిలుపుట ఎంత కష్టమో అక్కడి సంఘములు అనుభవించుచున్నవి.

6. ఆక్షేపణలు, సమాధానములు

ప్రతిపక్షమువారి ఆక్షేపణలను తేలికగా త్రోసివేయరాదు. వానిలో బలము గలవి కలవు.

మొదటి ఆక్షేపణ: ఇది బీదవాని నెత్తిపై భారము. దీనికి ఫ్రాన్సు దేశము సాక్ష్యము. అక్కడ ప్రభుత్వము ఇంధనముపై పన్ను పెంచబోగా, 2018 నవంబరులో పల్లెలవారును చిన్న పట్టణములవారును పసుపు చొక్కాలు తొడిగి రోడ్లను దిగ్బంధించిరి. బస్సులేని ఊరివాడు బండి నడుపక ఏమి చేయును? డిసెంబరులో ప్రభుత్వము ఆ పెంపును మానుకొనినది. వసూలైన పన్నును కుటుంబములకు తిరిగి పంచిపెట్టు పద్ధతిని కెనడా 2019లో ఆరంభించెను. పెక్కు కుటుంబములకు తిరిగి వచ్చునది అధికమని లెక్కలు చెప్పినను, బంకువద్ద కట్టునది కంటికి కనబడెను గాని ఖాతాలో పడునది కనబడలేదు. 2025 ఏప్రిల్ 1నుండి సామాన్య వినియోగదారులపై ఆ రుసుమును ఎత్తివేసిరి. అభ్యుదయ పక్షములో అనేకులు దీనినే తమ వాదమునకు బలముగా చూపుదురు: ముందు మార్గము చూపి, తరువాత పాత మార్గమును ఖరీదు చేయవలెను, దారి లేకుండ సుంకము పెట్టరాదు. ఈ మాట సమంజసమే. కాని మార్గము చూపుటకు ప్రభుత్వము తెచ్చు సొమ్మును ఎవరో ఒకరు కట్టవలసినదే యన్న ప్రతిపక్షపు మాటయు నిజమే. ఎవరు కట్టుదురో ముందుగా చెప్పని పథకమును అనుమానించుట రైతు ధర్మము.

రెండవ ఆక్షేపణ: సూర్యుడు రాత్రి యుండడు, గాలి ఎల్లప్పుడు వీవదు. ఇది నిజము. బ్యాటరీలు, దూరప్రాంతములను కలుపు లైన్లు, నీటి నిల్వ కేంద్రములు లేనిదే ఆ శక్తితో మాత్రమే నడచుట కష్టము. అయితే పాత ఇంధనమును నమ్మినవారందఱు సురక్షితులని తలపరాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రమును మంచు తుపాను కమ్మెను. వాయు బావులు, గొట్టములు, కేంద్రములు గడ్డకట్టెను. కొన్ని గాలిమరలును నిలిచెను. 246 మంది మరణించిరని ప్రభుత్వ లెక్క. ఆ దినములలో అంగడిలో కరెంటు ధర యూనిటుకు 9 డాలర్ల వరకు పోయెను. 1941నుండి నడచుచుండిన బ్రాజోస్ ఉత్పత్తి సహకార సంఘమునకు ఏడు దినముల కరెంటునకు 210 కోట్ల డాలర్ల చిట్టా వచ్చినది. మార్చి 1న అది దివాలా దరఖాస్తు పెట్టుకొనినది. ఎనుబది యేండ్ల సంఘమును ఒక వారము కూల్చినది. నిల్వ, సిద్ధత, ధరకు కట్టడి లేనిచోట ఏ శక్తియు నమ్మదగినది కాదని దీని భావము.

మూడవ ఆక్షేపణ: మేము తగ్గించిన మాత్రమున ఏమగును, ఇతర దేశములు వదలుచుండగా? నేడు లోకములో వెలువడు బొగ్గుపులుసు వాయువులో సుమారు మూడవవంతు చైనాదే. కాని కాలువ చివరి రైతునకు నీరు రానపుడు, తలవైపు రైతు, పైవాడును తోడుచున్నాడు గదా యనుట సమాధానము కాదు. అందఱిని కట్టడి చేయు ఏర్పాటునకు ముందుగా నడుము కట్టవలసినవాడు అధికముగా తోడినవాడే.

7. మనకు దీనితో సంబంధమేమి?

అమెరికా సంఘముల విత్తనము మన నేలపైనను పడినది. 1969లో భారత ప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించిన పిమ్మట, ఆ దేశపు విద్యుత్ సంఘముల సమాఖ్య సలహాతో ఐదు ప్రయోగ సంఘములు వెలసెను. వానిలో ఒకటి 1970లో కరీంనగరం జిల్లా సిరిసిల్లలో ఏర్పడిన విద్యుత్ సరఫరా సహకార సంఘము. నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాయందు రైతుల మోటారులకును, మరమగ్గములకును కరెంటు పంచుచు నిలిచియున్న ఆ సంఘమును మన సభ్యులు ఎఱుగుదురు.

కాని మన సమస్య అమెరికావారి సమస్యయే కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2004నుండి వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. అది అనేక కుటుంబములను అప్పునుండి కాపాడినది. దానితో మఱొకటియు జరిగినది: తోడుటకు వెల లేదు గనుక బోర్లు లోతునకు, ఇంకను లోతునకు పోయినవి. కరెంటు ఉచితమైనను, ఎండిన బోరు ఉచితము కాదు. అలాగని ఉచితమును ఒక్కమాఱు తీసివేయుట ఫ్రాన్సు పొరపాటునే మరల చేయుట యగును.

ఈ చిక్కునకు ఒక మార్గమును గుజరాతు రాష్ట్రములో ఖేడా జిల్లా ధుండి గ్రామపు రైతులు చూపిరి. 2016లో ఆఱుగురు రైతులతో అక్కడ సౌర నీటిపారుదల సహకార సంఘము ఏర్పడినది. సౌర పలకలతో మోటారు నడపుకొని, నీరు అక్కఱలేని దినములలో మిగులు కరెంటును విద్యుత్ కంపెనీకి అమ్ముటకు 25 సంవత్సరముల ఒప్పందము చేసికొనిరి. యూనిటుకు ధర 4 రూపాయల 63 పైసలు. ఇందలి యుక్తిని గమనింపుడు. ఒక యూనిటు అమ్మినచో ఇంత వచ్చునని తెలిసిన రైతు, అక్కఱలేని నీటిని తోడుటకు ఆ యూనిటును పాడుచేయడు. నిషేధము లేదు, దండుగ లేదు. ఆదాయమే నీటికి కాపలా కాయుచున్నది. కేవలము మోటారుకు మాత్రమే కట్టిన సౌర పలకలకు ఈ గుణము లేదు. అమ్మకము లేనిచో అవియు పగలంతయు ఉచితముగా నీరు తోడును.

అయితే అక్కడ పెట్టుబడిలో అధికభాగమును అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ ప్రయోగముగా భరించినది. ఆ సహాయము లేనిచోట లెక్క మాఱును. కేంద్ర ప్రభుత్వము 2019లో ప్రారంభించిన కుసుమ్ పథకము, రైతు భూమిలో 500 కిలోవాట్లనుండి 2 మెగావాట్ల వరకు కేంద్రములు పెట్టుటకు రైతులతోపాటు సహకార సంఘములకును, పంచాయతీలకును అవకాశము కల్పించినది. భూమిని కౌలుకిచ్చి కూర్చుండుట ఒక పద్ధతి; సంఘమే కేంద్రమునకు యజమాని యగుట మఱొక పద్ధతి. మొదటిదానిలో నష్టభయము తక్కువ, రాబడియు తక్కువ. రెండవదానిలో అప్పు గలదు, యాజమాన్యమును గలదు. ఏది మేలో పొలమునుబట్టియు, ధరనుబట్టియు, సంఘపు బలమునుబట్టియు తేల్చుకొనవలెను.

8. పాఠ సారాంశము

అభ్యుదయ పక్షపు వాదములో అనుభవమునకు నిలిచినది ఏమి? లాభము లేదని వ్యాపారులు విడిచిన పనిని చవుక అప్పుతోను, సభ్యుల శ్రమతోను చేయవచ్చుననుట నిలిచినది. మార్పు భారమును బీదవానిపై మోపినచో మార్పే ఆగిపోవుననుట నిలిచినది. యాజమాన్యము ముఖ్యమనుటయు నిలిచినది. ప్రతిపక్షపు వాదములో నిలిచినది ఏమి? సొమ్ము ఎక్కడనుండి వచ్చునో చెప్పవలెననుట. రాత్రికిని, తుపానునకును ఏర్పాటు కావలెననుట. ప్రభుత్వము మాఱినను నిలుచునట్లు పని చేయవలెననుట.

రెండు పక్షములును అంతగా చెప్పని మాట యొకటి గలదు. సహకార సంఘమని పేరు పెట్టినంతనే న్యాయము రాదు. బొగ్గు ఒడంబడికలపై సంతకము పెట్టినవియు సహకార సంఘములే. సభ్యుడు మహాజన సభకు వచ్చి, కాగితము చదివింపించి, గడువెంత, ధర యెంత, విడిపోవుటకు షరతేమి, నష్టము వచ్చినచో ఎవరిది అని అడిగిననాడే ఆ పేరు సార్థకమగును. రాబోవు యేండ్లలో మన ఊళ్లకు సౌర కేంద్రముల కాగితములు వచ్చును. అవి వచ్చిననాడు అడుగుటకు ఈ నాలుగు ప్రశ్నలను ఇప్పుడే కంఠస్థము చేసికొనుట మేలు.

సంఘ సభలో చర్చకు ప్రశ్నలు

1. అమెరికా కంపెనీలు పల్లెలకు లైన్లు వేయకపోవుటకు చెప్పిన కారణములేవి? మన ఊరిలో లాభము లేదని ఎవరును చేయని పని యేది? సంఘము దానిని చేయగలదా?
2. కిట్ కార్సన్ సంఘము పరిహారమిచ్చి ఒడంబడికనుండి బయటపడుట న్యాయమా? మిగిలిన సభ్య సంఘముల పక్షమున మీరు వాదింపుడు.
3. ఉచిత విద్యుత్తును తీసివేయకుండ భూగర్భజలమును కాపాడుటకు ధుండి పద్ధతి మన ఊరికి సరిపడునా? మోటారులెన్ని, ఏడాదిలో అవి నడవని దినములెన్ని, లెక్క వేయుడు.
4. గడచిన మహాజన సభకు మన సభ్యులలో ఎందఱు వచ్చిరి? రానివారు రాకపోవుటకు కారణమేమి?